చూపుల పటం

ఉప్పుమొగ జనానికి సముద్రం మీద ఏనాడూ కోపం లేదు. కోపమంతా తుఫాను కబురు మోసుకొచ్చేవాళ్ళ మీదే. వస్తుందన్నది రాలేదు, రాదన్నది వచ్చింది, చిన్నదే లెమ్మన్నది ఇళ్ళ కప్పులు పట్టుకుపోయింది. అందుకని ఫోన్లు కీచుమని మోగినా, జీపులో మైకు పెట్టుకుని ఎవరొచ్చి గొంతు చించుకున్నా, ఆ ఊరివాళ్ళు ముందు చేసే పని ఒకటే. గుమ్మంలోకి వచ్చి పక్కింటివైపు చూస్తారు. పక్కింటివాళ్ళు ఆ పక్కింటివైపు చూస్తారు. ఊరంతా ఇలా ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ నిలబడితే గాలి మాత్రం ఎవరినీ చూడకుండా తన దారిన తను వచ్చేస్తుంది.

ఈ చూపులకి కూడా పటం గీయొచ్చని కనిపెట్టింది ఆ ఊరి పిల్లే, గరికిన లోవకుమారి. చేపలమ్ముకునే ఇంట పుట్టి, పసితనంలోనే తల్లి పోతే మేనత్త మరిడమ్మ చేతుల్లో పెరిగింది. జనం నడవడి మీద పెద్ద చదువు చదివి, కాకినాడలోని జనవాతావరణ పరిశోధన కేంద్రంలో చేరింది. అక్కడ గాలుల సంగతి చూసేది డాక్టర్ సోమయాజులు. ముప్ఫయ్యేళ్ళుగా మేఘాలతో కాపురం చేస్తున్న మనిషి. "గాలి ఎటు పోతుందో నేను చెప్పగలనమ్మా. జనం ఎటు పోతారో చెప్పేవాళ్ళే దొరకట్లేదు" అని ఆమెని ఏరికోరి తెచ్చుకున్నాడు.

ఇద్దరూ ఆరేళ్ళు కష్టపడి చూపుల పటం తయారుచేశారు. తీరం వెంట ప్రతి ఇంటి చూరు కిందా గవ్వంత బిళ్ళ అంటించారు. తుఫాను వచ్చేముందు అది కూత పెడుతుంది. జనానికి చెప్పింది అంతవరకే. చెప్పనిది ఏమిటంటే, ఆ బిళ్ళ ఇంట్లో అడుగుల అలికిడి కూడా పట్టుకుంటుంది. ఎవరు ముందు సర్దుకున్నారు, ఎవరు ఎవర్ని చూశాక సర్దుకున్నారు, అంతా కాకినాడలో గోడంత తెర మీద పడుతుంది. తెరకి ఎడమ పక్కన తుఫాను సుడి, కుడి పక్కన ఊళ్ళు. ఒక్కో ఇంటి అలికిడి ఒక చుక్క, ఒక్కో చూపు ఒక దారం. ఏ ఊరి దారాలు లాగి చూసినా చివరికి ఒకే ఒక్క చుక్క దగ్గర ముడిపడి ఉండేవి. ఆ మనిషి కదిలితే ఊరు కదులుతుంది. ఆ మనిషి కదలకపోతే కలెక్టరు వచ్చి కాళ్ళు పట్టుకున్నా కదలదు.

ఆ ముడి సర్పంచి ఇంట్లో ఉంటుందని సోమయాజులు పందెం కాశాడు. ఓడిపోయాడు. ఒక ఊళ్ళో అది బట్టలు కుట్టే ఆయన ఇంట్లో ఉంది, ఇంకో ఊళ్ళో పాత మంత్రసాని ఇంట్లో. ఉప్పుమొగలో తేలింది మరిడమ్మ ఇంట్లో.

"ఈవిడ ఊరందరితోనూ తగువులాడుతుందన్నావు కదా! ఈవిడ మాట వింటారా?"

"వినరు సార్," లోవకుమారి నవ్వింది. "మా అత్త ఎవరు చెప్పినా కదలదు. ఎండుచేపల పందిరి వదిలి పెళ్ళిళ్ళకే రాదు. అలాంటి మనిషి కోళ్ళగంప నెత్తికెత్తుకుందంటే, ఇంక నిజంగానే మునిగిపోతున్నామని లెక్క."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం చూడాలి. తన అత్త మొండితనం దేశంలో మొట్టమొదటిసారి శాస్త్రానికి పనికొచ్చిందని అంత గర్వం.

ఆ గర్వమే కొంప ముంచింది. రెండేళ్ళ కిందట ఒక తుఫాను తీరంవైపు తిరిగింది. చూపుల పటాన్ని పరీక్షించడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. లోవకుమారి అత్తకి ఫోను చేసి, నొప్పిగా ఉన్నట్టు గొంతు మార్చి, "అత్తా, గుండెలో నొప్పొస్తోంది, పిఠాపురం ఆస్పత్రిలో ఉన్నాను, సామాను సర్దుకుని వచ్చెయ్యి" అంది. మరిడమ్మ పరుగెత్తింది. తెర మీద ఆమె చుక్క కదిలిన నలభై నిమిషాలకి ఉప్పుమొగ చుక్కలన్నీ వరసగా కదిలాయి. పరిశోధన కేంద్రంలో అందరూ చప్పట్లు కొట్టారు. తుఫాను మాత్రం ఒడిశాలోని గోపాల్‌పూర్ వైపు తిరిగిపోయింది. అయినా ఆ ప్రయోగం మీద రాసిన వ్యాసానికి దేశదేశాల్లో పేరొచ్చింది. అత్తకి మాత్రం "గ్యాసు నొప్పి అన్నారత్తా" అని చెప్పి లోవకుమారి ఆ సంగతి అక్కడితో కట్టిపెట్టేసింది.

ఇప్పుడొచ్చింది అసలైన తుఫాను.

ఆ రోజు పొద్దున్న తొమ్మిదింటికి తెర ముందు నిలబడిన సోమయాజులు మొహంలో నెత్తురుచుక్క లేదు. "రేపు తెల్లవారేసరికి ఉప్పుమొగ మీదే తీరం దాటుతుంది. ఇందులో అనుమానం లేదు. సాయంత్రం నాలుగింటికి తీరం రోడ్డు మీదకి నీళ్ళొచ్చేస్తాయి. ఆ తర్వాత ఎవరూ బయటికి రాలేరు. ఆరువందల నలభై మంది ఉన్నారమ్మా ఆ ఊళ్ళో."

ఎడమ పక్క సుడి తిరుగుతోంది. కుడి పక్క ఉప్పుమొగ చుక్కలు గుమ్మాల్లోకి వచ్చి ఆగిపోయాయి. దారాలన్నీ బిగిసి ఒక్క చుక్కవైపు లాగుతున్నాయి. ఆ చుక్క తన పెరట్లో అటూ ఇటూ తిరుగుతోందే తప్ప గడప దాటడం లేదు. బిళ్ళలు రెండుసార్లు కూత పెట్టి ఊరుకున్నాయి.

సోమయాజులు ఆ పటాన్ని నడిపే యంత్రాన్ని అడిగాడు. ఏం చెబితే మరిడమ్మ కదులుతుంది? మేనకోడలికి ప్రమాదం జరిగిందంటే, నూటికి తొంభయ్యొక్క పాళ్ళు కదులుతుంది అంది యంత్రం. ఉన్న నిజం చెబితే? ఇరవై మూడు.

"ఫోను చెయ్యమ్మా," అన్నాడు సోమయాజులు చిన్నగా. "ఇంకొక్కసారి. ఇందులో పాపం ఉంటే నాకే రానీ."

లోవకుమారి ఫోను చేతిలోకి తీసుకుంది. నంబరు నొక్కబోయి ఆగిపోయింది. ఎందుకో ఆ క్షణాన గొంతు మార్చడం ఆమెకి చేతకాలేదు. "జీపు తాళాలివ్వండి సార్" అంది.

ఆమె ఉప్పుమొగ చేరేసరికి పదకొండు దాటింది. గాలికి ఇసుక లేచి మొహాన కొడుతోంది. ఎక్కడి పడవలు అక్కడే ఉన్నాయి. గుమ్మాల్లో నిలబడ్డ జనం జీపుని చూసి ఒక్క మాటైనా పలకరించలేదు. మరిడమ్మ పెరట్లో చేపల పందిరికి తాళ్ళు బిగిస్తోంది. అరవై దాటిన మనిషి, ఇనపకడ్డీలా ఉంటుంది.

"ఏటే, ఇంత గాల్లో ఊడిపడ్డావు? నీకు పనీ పాటా లేదా?"

"నీకోసమే వచ్చానత్తా. రేపు తెల్లారేసరికి మన ఊరుండదు. పద, సర్దుకో."

"నేన్రాను. కోడి పొదిగింది. ఇయ్యాళకి పద్దెనిమిదో రోజు. ఇప్పుడు కదిపేనంటే పదకొండు గుడ్లూ మురిగిపోతాయి."

లోవకుమారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాలుగువందల మైళ్ళ అవతలి మేఘాన్ని పట్టే యంత్రం అది. మంచం కింద పొదిగిన కోడిని పట్టలేకపోయింది. "కోడి కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంటావా అత్తా?" అని అరిచింది.

"కోడి కోసం కాదే!" మరిడమ్మ తాడు వదిలేసి ఇటు తిరిగింది. "ఆ యేడు నీకు గుండె నొప్పంటే ఎల్లేను. నా ఎనకాల ఊరంతా వచ్చేసింది. ఇక్కడ సూత్తే సినుకు పళ్ళేదు. ఇసకలో ఆరేసిన సేపలన్నీ కుక్కలు తినేసినియ్యి. 'మరిడమ్మ పెద్ద కనిపెట్టేసిందండోయ్' అని కుళాయి కాడ ఎక్కిరించేరు. నేనెవుర్ని రమ్మన్నానే? మా కోడలు పిల్లకి బాగోలేదని ఎల్లేను గాని! ఇంక ఊరికి ముందర నేను కదల్ను. అందరూ ఎల్లేక ఆకరున వత్తాను."

అందరూ ఈమె కోసం చూస్తున్నారు, ఈమె అందరి కోసం చూస్తోంది. లోవకుమారికి అప్పుడర్థమైంది. ఈ ముడి వేసింది సముద్రం కాదు, తనే. పందిరి గుంజ పట్టుకుంది.

"అత్తా, ఆ రోజు నాకు గుండె నొప్పి రాలేదు."

"గ్యాసన్నావుగా."

"గ్యాసూ లేదు, ఏమీ లేదు. నువ్వు కదిలితే ఊరు కదులుతుందని మా యంత్రం చెప్పింది. నిన్ను కదపడానికి అబద్ధం చెప్పాను. తుఫాను వస్తుందో రాదో అప్పటికి మాకే సరిగ్గా తెలీదు. నీ పరువు తీసింది నేనే అత్తా."

మరిడమ్మ చెయ్యి నెమ్మదిగా ముక్కు దగ్గరికి పోయింది. ముక్కుకి బెజ్జం ఉంది, పుడక లేదు. రెండేళ్ళుగా లేదు. ఎక్కడో పారేసుకుందని లోవకుమారి అనుకుంది, అడగను కూడా లేదు.

"నీకు నయమైతే అమ్మోరికి ఇత్తానని మొక్కేసేనే," అంది మరిడమ్మ. "మాయమ్మ పెట్టింది. మీ మావ పోయినా తియ్యలేదు నేను."

లోవకుమారికి సిగ్గుతో భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పరిశోధన కేంద్రంలో కొట్టిన చప్పట్లు చెవుల్లో మోగాయి. అక్కడే ఇసుకలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. మరిడమ్మ ఓదార్చలేదు, కొట్టనూ లేదు. కొంతసేపటికి అడిగింది.

"మరి ఇయ్యాళ కూడా అబద్దం ఆడొచ్చుగా. ఎందుకాళ్ళేదు?"

"అబద్ధమైతే తప్పకుండా వస్తావంది యంత్రం. నిజం చెబితే రావంది."

"అయితే మరి?"

"నిన్ను మళ్ళీ మోసం చేసి బతికించుకుంటే, రేపు నీ మొహం ఎలా చూడనత్తా?"

మరిడమ్మ ఆ పిల్లని కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత జబ్బ పట్టుకుని లేవదీసింది. "పద. నాతోటి అన్న ముక్క ఆళ్ళందరితోటీ అను."

కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి నిలబెట్టింది. ఆమె గొంతు గాలికి ఎదురెక్కి ఊరి చివరిదాకా పోయింది. "ఓరయ్యా! ఓలమ్మా! అందరూ రండి! ఆ యేడు నన్నెక్కిరించినోళ్ళు ముందు రండి! తప్పెవరిదో సూపిత్తాను!"

జనం మూగారు. లోవకుమారి చెప్పింది.  చూరు కింద బిళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి, తెర, చుక్కలు, దారాలు, అబద్ధం, అంతా కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మనుషులు మండిపడ్డారు. పడవలున్న మైలపల్లి తాతారావు ముందుకొచ్చాడు.

"అయితే మా ఇంట్లో ఏం మాటాడుకుంటామో కూడా ఇంటందా ఆ బిళ్ళ?"

"మాటలు వినదు బాబాయ్. అడుగుల చప్పుడొక్కటే."

"అదైనా మాకు సెప్పేరా?"

"లేదు. చెప్పకపోవడం తప్పే. నాదే తప్పు."

తాతారావు గిరుక్కున తిరిగి తన ఇంటికి పోయి, చూరు కింద బిళ్ళ ఊడబెరికి తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పడేశాడు. అంతే, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఇళ్ళల్లోకి పరుగెత్తారు. ఆడవాళ్ళు తిడుతూనే ఉన్నారు. పుట్టి బుద్ధెరిగాక లోవకుమారి అన్ని తిట్లు ఎప్పుడూ తినలేదు. తల వంచుకుని నిలబడింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. బిళ్ళలు కుప్పపడుతున్నాయి.

మరిడమ్మ అందరినీ ఒకసారి కలియజూసింది. "తిట్టడం అయ్యిందా? ఇంకా ఉంటే పిఠాపురంలో తిడుదురుగాని. ఆ రోజు నేను తెలీక ఎల్లేను. ఇయ్యాళ తెలిసి ఎల్తన్నాను. వత్తే రండి, నేపోతే మానెయ్యండి." అని చరచరా ఇంటికి నడిచింది.

తాతారావు మొలతాడు సర్దుకున్నాడు. "మళ్ళీ మోసం సెయ్యాలనుకున్నోళ్ళు సాటుగా సేత్తారు గాని, ఇలాగ నడీదిలో నిలబడి తిట్లు తినరహె. ఏదో ఉంది. పడవలు పైకి లాగి కట్టండ్రా, ఎలిపోదాం!"

అప్పుడే లోవకుమారి ఫోను మోగింది. సోమయాజులు.

"లోవకుమారీ! ఊరు ఆరిపోతోందమ్మా! ఒక్కొక్క చుక్కే ఆరిపోతోంది! సముద్రం వచ్చేసిందా? నువ్వెక్కడున్నావు?" పెద్దాయన ఏడుస్తున్నాడు.

"సముద్రం రాలేదు సార్. బిళ్ళలు పీకేస్తున్నారు."

"అయ్యో! మరి బయల్దేరుతున్నారా లేదా? నాకిక్కడ ఏమీ కనబడటంలేదు!"

లోవకుమారి తల ఎత్తి చూసింది. మరిడమ్మ గంపలో ఊక పోసి, గుడ్లతో సహా కోడిని కూర్చోబెట్టి, నల్లగుడ్డ కప్పి నెత్తికెత్తుకుని వీధిలోకి వస్తోంది. వెనక పసిపిల్లల తల్లులు, మూటలు, మేకలు. తాతారావు ముసలి తల్లిని వీపున ఎత్తుకున్నాడు. ఆటోలు, ట్రాక్టర్లు కూత పెడుతున్నాయి.

"నాకు కనబడుతోంది సార్," అంది లోవకుమారి. "అందరూ వస్తున్నారు."

మూడుంబావుకి చివరి ట్రాక్టరు తీరం రోడ్డు దాటింది. నాలుగింటికి సోమయాజులు చెప్పినట్టే రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి. మర్నాడు తెల్లవారుజామున ఉప్పుమొగ మీద తాడిచెట్టంత కెరటం విరుచుకుపడింది. నూట అరవై ఇళ్ళలో తొమ్మిది మిగిలాయి. పిఠాపురం కాలేజీ హాల్లో తలలు లెక్కపెడితే ఆరువందల నలభై. ఒక్క తల తగ్గలేదు. కాకినాడ నుంచి వచ్చిన సోమయాజులు ఆ లెక్క విని, తాతారావు తల్లి పక్కనే చతికిలబడి, ఆవిడ పెట్టిన అటుకులు తిన్నాడు.

"యంత్రం ఇరవై మూడే అంది కదమ్మా," అన్నాడు లోవకుమారితో తర్వాత. "ఎక్కడ తప్పింది?"

"నిజం చెప్పడం మనం ఎప్పుడు చేశాం సార్? చెయ్యని పనికి దానికి లెక్క ఎలా తెలుస్తుంది?"

పెద్దాయన తలూపాడు.

ఇళ్ళు మళ్ళీ లేచాయి, ఈసారి కాస్త ఎత్తున. లోవకుమారి మళ్ళీ బిళ్ళలు పట్టుకుని గడప గడపకీ తిరిగింది. అది ఏం పడుతుందో, ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో చెప్పి, ఇష్టమైతేనే పెట్టుకోమంది. నూట ఇరవై ఇళ్ళవాళ్ళు పెట్టించుకున్నారు. మరిడమ్మ మాత్రం ససేమిరా అంది. "నేనేం సేత్తన్నానో సూడాలంటే వచ్చి సూడు. నేపోతే ఫోను సెయ్యి." పటంలో అసలు ముడి ఉండాల్సిన చోట ఒక చిల్లు మిగిలింది. సోమయాజులు దాన్ని చూసినప్పుడల్లా నిట్టూర్చేవాడు. లోవకుమారి అత్తకి ఫోను చేసేది.

మరుసటి ఏడు అట్లతద్ది వెళ్ళిన వారానికి సముద్రంలో మళ్ళీ సుడి లేచింది. ఈసారి గాలి అంత తేలిగ్గా అంతుపట్టలేదు. సోమయాజులు మూడుసార్లు లెక్క కట్టి, మూడుసార్లూ ఒకటే చెప్పాడు. "అరవై పాళ్ళు ఇటొస్తుంది. నలభై పాళ్ళు ఒడిశా పోతుంది. ఇంతకంటే నాకు తెలీదు."

అరవై అని జనానికి చెబితే కదలరని పైవాళ్ళు అన్నారు. ఖాయంగా వస్తుందనే చెప్పమన్నారు. లోవకుమారి వినలేదు. అత్తకి ఫోను చేసింది, కుళాయి దగ్గర అందరికీ వినబడేలా పెట్టమంది.

"అత్తా, పదిసార్లు ఇలాంటి గాలి లేస్తే ఆరుసార్లు మన మీదకొస్తుంది. నాలుగుసార్లు రాదు. ఇది ఆ ఆరులోదో నాలుగులోదో నాకు తెలీదు. సార్‌కీ తెలీదు. నేనైతే వచ్చెయ్యమంటాను."

 అవతల తాతారావు గొంతు, "ఎలిపోదామేటి, మరిడమ్మప్పా?" అంది.

ఊరంతా పిఠాపురం చేరింది. తుఫాను ఒడిశా వెళ్ళిపోయింది. ఉప్పుమొగలో చిరుజల్లు పడి ఎండ కాసింది.

లోవకుమారి కాలేజీ మెట్లెక్కింది. ఆరోజు తిన్న తిట్లకి రెండింతలు తినడానికి సిద్ధపడే వచ్చింది. చేపలు పోయినవాళ్ళుంటారు, రెండు రోజుల వేట పోయినవాళ్ళుంటారు. ఈసారి పోయేది అత్త పరువు కాదు, తన మాట. ఇంకోసారి ఎవరూ వినకపోతే ఆ మర్నాడు ఎవరి శవాలు లెక్కపెట్టాలో అన్నదే ఆమె భయం.

హాల్లో ఎవరి మూటలు వాళ్ళు కట్టుకుంటున్నారు. ఆమెని చూసి తాతారావు, "ఏమ్మా, వచ్చేవా? ట్రాక్టర్లో సోటుంది, ఊళ్ళోకి వత్తావా?" అని, జవాబు కోసం ఆగకుండా మేకని లాక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ ఏమీ అనలేదు. వెక్కిరింపు లేదు, సణుగుడు లేదు.

మరిడమ్మ చాప చుడుతోంది.

"అత్తా," అంది లోవకుమారి తల దించుకుని. "తుఫాను రాలేదు."

"తెల్సు. ఆరన్నావు, నాలుగన్నావు. ఇది నాలుగులోదైంది. దానికి నువ్వు తలకాయ దించుకోడం ఏటే?"

పక్కన చాప చుడుతున్న వేరే ఊరి ఆవిడ కుతూహలంగా అడిగింది, ఈ అమ్మాయెవరు, తుఫాను వస్తుందని చెప్పిన ఆవిడేనా అని.

మరిడమ్మ చాప కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకుని నిటారుగా నిలబడింది. హాలు హాలంతా వినబడేలా చెప్పింది.

"మా కోడలు పిల్ల. తెలిత్తే తెలుసుననీ, తెలీకపోతే తెలీదనీ సెప్తాది. అందుకే వచ్చేం మేవు. మళ్ళీ సెప్తే మళ్ళీ వత్తాం."